హార్మోనియం బాగుచేసే చెయ్యి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో భజనకైనా పద్య నాటకానికైనా హార్మోనియం ఉండాల్సిందే. దాన్ని బాగుచేసేవాడు ముందు మెట్లేవీ నొక్కకుండా తిత్తి ఊది, గాలి ఎక్కడ కారుతోందో చెవితోనే పట్టేస్తాడు. మూగబోయిన రీడు కింద ఒక్కోసారి దుమ్ము నలుసే దొరుకుతుంది. అసలు పనితనమంతా శ్రుతి చేయడంలో ఉంది. రీడులోని ఇత్తడి నాలుక కింద పల్చటి రేకు దూర్చి, కొస దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి ఎక్కువైందా, రెండోవైపు గీకి సరిదిద్దాలి. అలా చేసేకొద్దీ రీడు బలహీనపడుతుంది. అందుకే గీకేది తక్కువ, వినేది ఎక్కువ. రెండు వరసల రీడ్లున్న పెట్టెలో జంట స్వరాలు ఊగిసలాట లేకుండా కలిసేదాకా వదలడు. పద్యం చివర గుక్క తిప్పుకోకుండా రాగం తీసే నటుడికి ఆ శ్రుతే ఆధారం. వన్స్‌మోర్ కేకలు మాత్రం నటుడికే!