పల్లవి వలయం

సూరత్ నగరంలోని పర్వత్ పాటియా బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ప్రాంతం. తెలంగాణమునుండి నేతపనికై వచ్చిన పద్మశాలి కుటుంబాలెన్నో ఈ నగరంలో స్థిరపడినవి. మహాలయ అమావాస్యతో బతుకమ్మ మొదలవుతుంది, మరునాడే గర్బా. ఒక వలయం నడుమ తంగేడు, గునుగు పూలు. మరొకదాని నడుమ రంధ్రాల కుండలో దీపం.

ఈ పాటలను అచ్చులో చూచినవారు పునరుక్తి ఎక్కువని పెదవి విరుస్తారు. సంకలనకర్తలు తరచు పల్లవిని ఒక్కసారి ముద్రించి, తక్కినచోట్ల చుక్కలు పెట్టి ఊరకుంటారు. ఇది కాగితం పొదుపేమో గాని, కావ్యదృష్టి కాదు. ఒకామె చరణమెత్తుకోగా తక్కినవారు ‘ఉయ్యాలో’ అని అందుకొన్నప్పుడే శ్రోతలు గాయకులవుతారు. సూరత్‌లోనే పుట్టిన నర్మద్ (1833–1886), ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడైయుండి కూడ, నాగర స్త్రీలు పాడుకొనే పాటలను సేకరించి గ్రంథంగా వెలువరించినాడు. కొత్తచూపు గలవాడికి పాతపాట అడ్డు కాలేదన్నమాట!

గుజరాతీ బడిలో చదివే తెలుగుపిల్లకు చరణంలోని కథ అంతుబట్టకపోవచ్చును. పల్లవి వచ్చేసరికి మాత్రం ఆమె అమ్మమ్మతో సమానంగా గొంతు కలుపుతుంది. మన పుస్తకాలలో చుక్కలు పడినది సరిగా ఆ చోటనే.