ఆ మూడు నిమిషాలు

శుక్లం ఆపరేషన్ పది పదిహేను నిమిషాల్లో అయిపోతుందని అందరికీ తెలుసు. అంతకుముందు కంట్లో 5 శాతం పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేసి, కనీసం మూడు నిమిషాలు ఆగాలని ఎక్కువమందికి తెలియదు. కంటి వైద్యుడిగా నేను ఆ మూడు నిమిషాలకు ఆపరేషన్‌తో సమానమైన విలువ ఇస్తాను. బయట శిబిరం రోగులు వరసగా కూర్చుని ఉన్నా, పొద్దు పోతున్నా తగ్గించనివ్వను.

ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టడాన్ని ఎండాఫ్తాల్మైటిస్ అంటాం. దాన్ని తెచ్చే సూక్ష్మజీవులు చాలావరకు రోగి రెప్పల మీద, వెంట్రుకల మొదళ్లలో ఎప్పుడూ ఉండేవే. చర్మం మీద ఉన్నంతకాలం హాని చెయ్యవు, లోపలికి చేరితే రోజుల్లోనే చూపు పోవచ్చు. వాటిని ముందే చంపడానికే ఆ అయోడిన్ చుక్కలు, ఆ మూడు నిమిషాలు. ఒకే రోజు ఒకే థియేటర్లో చేయించుకున్న నలుగురైదుగురికి వస్తే మాత్రం కన్ను కడిగే ద్రావణాన్ని, పరికరాల స్టెరిలైజేషన్‌ను అనుమానించాలి.

షుగర్ అదుపులో లేనివాళ్లకు, బాగా వయసు మళ్లినవాళ్లకు, రెప్పల అంచులు పొట్టు రేగి ఎర్రబడినవాళ్లకు ముప్పు ఎక్కువ. కన్నీటి సంచిలో చీమున్నవాళ్లకు మరీను. ముక్కు పక్కన కంటి మూల నొక్కితే చీము పైకి వస్తుంది. ముందు దాన్ని నయం చెయ్యకుండా శుక్లం జోలికి వెళ్లకూడదు. ఇవన్నీ ముందే కనిపెట్టగలం. లెన్స్ వెనక పొర చిరగడం అలా కాదు. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా ఎప్పుడో చిరుగుతుంది, ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. కోత సరిగా మూసుకోక నీరు కారినా ప్రమాదమే. అనుమానం వస్తే ఒక కుట్టు వెయ్యడం నామోషీ కాదు.

ఆపరేషన్ చివర కంటి లోపల సెఫురాక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇస్తే ముప్పు దాదాపు అయిదో వంతుకు తగ్గుతుందని ఐరోపా సర్జన్ల అధ్యయనం 2007లో తేల్చింది. మన దగ్గర మోక్సిఫ్లాక్సాసిన్ వాడకం ఎక్కువ. అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 6 లక్షలకు పైగా కళ్ల లెక్కలు దాని మేలును చూపించాయి. మంచి మందే, కానీ అయోడిన్‌కు బదులు కాదు.

ఇంటివాళ్లకు ఒక్క మాట. ఆపరేషన్ అయ్యాక బాగుపడిన చూపు మళ్లీ మసకబారినా, కన్ను ఎర్రబడినా, రెప్ప వాచినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి, రాత్రయినా సరే. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి నొప్పే ఉండదు. చెకప్ తేదీ దాకా ఆగితే కన్ను దక్కకపోవచ్చు.