పడవ ఇంజనుకు గుర్రాల లెక్క చాలునా?

ఇంజను మాట వచ్చినప్పుడు సామాన్యముగా అందరును అడుగు మొదటి ప్రశ్న “ఎన్ని గుర్రములది?” అని. బావిమీదికి పంపుసెట్టు కొనువారును అదే అడుగుదురు. తెరచాప పడవలోని పాత డీజిల్ ఇంజనును తీసివేసి క్రొత్తది బిగింపదలచిన వారును అదే అడుగుదురు. ఈ ప్రశ్న తప్పు కాదు. కాని ఇది చివర అడుగవలసిన ప్రశ్న; మొదట అడుగుటచేతనే చిక్కులు పుట్టుచున్నవి. ఒక అశ్వశక్తి 746 వాట్లకు సమానమని చెప్పి, రెండు లెక్కలు చేయించి విడిచిన పాఠము కూడ ఈ అలవాటును మాన్పజాలదు. ఆ శక్తి ఏ పనికి, ఎంత సేపు, ఏ వేగము వద్ద కావలెను అన్నది తెలియనిచో అంకె ఒక్కటే ఏమియు చెప్పదు.

హైదరాబాదు దక్షిణపు అంచుననున్న బుద్వేలుకు సముద్రము రెండువందల యాభై కిలోమీటర్లకు పైగా దూరము. దగ్గరనున్న పెద్ద నీరు ఈసీ నదిపై 1927లో పూర్తియైన హిమాయత్ సాగరము. అయినను తెరచాప పడవ ఈ నగరమునకు పరాయిది కాదు. హుస్సేన్ సాగరముపై చిన్న తెరచాప పడవల పందెములు జరుగుచుండును. ఆ పడవలకు ఇంజను ఉండదు, గాలియే వాని బలము. 2017 సెప్టెంబరు 10న గోవా విడిచి, 2018 మే 21న మరల గోవా చేరిన భారత నౌకాదళపు ‘తారిణి’ 55 అడుగుల తెరచాప పడవ. దానిపై భూమిని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారులలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్టణమునకు చెందిన పి. స్వాతి ఉండిరి.

ఆ యాత్ర సుమారు 21,600 నాటికల్ మైళ్లు. 254 దినములలో 199 దినములు సముద్రముపైననే గడచినవి. గంటకు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు, పోవు వేగమునకు నాట్ అని పేరు. లెక్కించినచో తారిణి సగటు వేగము నాలుగున్నర నాట్లు. ఇదంతయు ఇంజనుతోనే చేయవలసివచ్చినచో ఏమగును? అట్టి వేగమునకు 15 అశ్వశక్తి చాలునని అనుకొందము. డీజిల్ ఇంజను గంటకు ఒక్కొక్క అశ్వశక్తికి సుమారు 0.2 లీటరు నూనె త్రాగును. గంటకు మూడు లీటర్ల చొప్పున 4,776 గంటలకు 14,000 లీటర్లు దాటును! మార్గమధ్యమున రేవులలో నింపుకొనుచు అయిదు భాగములుగా పోయినను ఒక్కొక్క భాగమునకు సుమారు 2,900 లీటర్లు కావలెను. దీనివలన తెలియునదేమనగా, దూరప్రయాణపు తెరచాప పడవలో ఇంజను యజమాని కాదు, సహాయకుడు. రేవులోనికి ప్రవేశించుట, గాలి పడిపోయినపుడు కొంత దూరము పోవుట, తీరము వైపు గాలి నెట్టునపుడు వెలుపలికి లాగుట, బ్యాటరీలు నింపుట – ఇవి దాని పనులు. ఇంజను ఎన్నిక ఈ పనులనుండి ప్రారంభము కావలెను.

పనినుండి శక్తికి వచ్చు ఈ పద్ధతి మన రైతులకు క్రొత్త కాదు. బుద్వేలు, రాజేంద్రనగరు ప్రాంతమున నేడు పొలములు తగ్గి మేడలు పెరిగినవి. కాని బావి లెక్క మారలేదు. సెకనుకు 10 లీటర్ల నీరు 15 మీటర్ల ఎత్తునకు ఎక్కవలెననుకొనుడు. 10 × 9.8 × 15 = 1,470 వాట్లు, అనగా సుమారు రెండు అశ్వశక్తులు నీటికి చేరవలెను. పంపు సామర్థ్యము సగమైనచో నాలుగు అశ్వశక్తులు ఇంజనునుండి కావలెను. ఇక్కడ మొదట నీరు, తరువాత ఎత్తు, ఆ తరువాత పంపు, చివరకు ఇంజను. పడవ విషయమున మాత్రము చాలమంది ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నారు.

పడవలవారిలో ప్రచారమునందున్న ఒక సూత్రము కలదు: పడవ బరువు టన్ను ఒక్కింటికి నాలుగు అశ్వశక్తులు ఉండవలెనని. ఎదురుగాలిలోను, అలలలోను కొంత బలము చేతిలో ఉండవలెనన్న జాగ్రత్త ఇందులో ఉన్నది. ఆ మేరకు ఇది మెచ్చదగినదే. కాని ఏ టన్నులు? ఖాళీ పడవ బరువా, నీరు, నూనె, ఆహారము, మనుష్యులు ఎక్కిన తరువాతి బరువా? ఏ అశ్వశక్తి? పడవ పొడవెంత? ఈ ప్రశ్నలకు సూత్రమునందు చోటు లేదు.

పొడవును గూర్చి ప్రకృతియే ఒక హద్దు గీచినది. పడవ నీటిని త్రోసుకొని పోవునపుడు ముందు ఒక అల లేచును. వేగము పెరిగినకొలది ఆ అల పొడవు పెరుగును. లోతైన నీటిలో అల వేగపు వర్గము దాని పొడవునకు అనులోమముగా నుండును. అల పొడవు పడవ నీటిగీత పొడవుతో సమానమైనపుడు పడవ ముక్కు ఒక శిఖరముపైనను, తోక తరువాతి శిఖరముపైనను నిలిచి, నడుమ పల్లము ఏర్పడును. అంతకంటె వేగముగా పోవలెనన్నచో తన అలను తానే ఎక్కవలెను. తొమ్మిది మీటర్ల నీటిగీత గల పడవకు ఈ వేగము, గురుత్వ త్వరణమును 9తో గుణించి, 6.28తో భాగించి, వర్గమూలము తీసినచో సెకనుకు 3.75 మీటర్లు, అనగా 7.3 నాట్లు. ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ 1870 దశకమున టార్కీ వద్ద తొట్టిలో నమూనా పడవలను లాగించి, పొడవునకును వేగమునకును గల ఈ సంబంధమును శాస్త్రీయముగా స్థాపించెను. బరువైన తెరచాప పడవ ఈ హద్దును దాటుట దాదాపు అసాధ్యము.

హద్దుకు లోపల కూడ శక్తి ధర ఎక్కువే. స్థూలముగా చెప్పినచో కావలసిన శక్తి వేగపు ఘనమును అనుసరించును. సగము శక్తితో వేగములో దాదాపు ఎనభై శాతము లభించును. మిగిలిన ఇరవై శాతమునకే మిగిలిన సగము ఖర్చగును. పై పడవలో పాత ఇంజను 30 అశ్వశక్తులది, పూర్తి బలముతో ఆరున్నర నాట్లు ఇచ్చినదనుకొందము. యజమాని 50 అశ్వశక్తుల ఇంజను పెట్టినచో, ఘన సూత్రము ప్రకారము 7.7 నాట్లు రావలెను. కాని అల హద్దు 7.3 వద్దనే ఉన్నది. ఆ హద్దు సమీపమున నిరోధము ఘన సూత్రముకంటెను వేగముగా పెరుగును. అందుచేత ఆ 7.3 కూడ సులభముగా అందదు. అదనపు ఇరవై అశ్వశక్తులు గంటకు నాలుగు లీటర్ల నూనెను త్రాగి ఎక్కువగా పెద్ద అలను లేపుటకే పనికివచ్చును. ధర పెరుగును, పడవ వెనుకభాగమున బరువు పెరుగును. వేగము మాత్రము కొంచెమే.

ఇంతకు ఇంజను నీటిని ముట్టదు. ముట్టునది ప్రొపెల్లరు, అనగా నీటిని వెనుకకు నెట్టు రెక్కల చక్రము. నెట్టుడు బలము సెకనుకు నెట్టిన నీటి ద్రవ్యరాశిని దానికిచ్చిన వేగముతో గుణించగా వచ్చును. ఆ నీటికి పోవు శక్తి మాత్రము వేగపు వర్గమును అనుసరించును. రెట్టింపు నీటిని సగము వేగముతో నెట్టినచో బలము అంతే, వృథా సగమే. కావుననే పెద్ద ప్రొపెల్లరును నెమ్మదిగా త్రిప్పుట మేలు.

క్రొత్త ఇంజను బిగించువారు తరచు మరచునది ఇదే. పాత ఇంజను నిముషమునకు 1,800 చుట్లు తిరిగి, 2:1 గేరుతో ప్రొపెల్లరును 900 చుట్లు త్రిప్పినదనుకొనుడు. నేటి చిన్న డీజిల్ ఇంజను 3,600 చుట్లు తిరుగును. అదే గేరు నిష్పత్తి ఉంచినచో ప్రొపెల్లరు 1,800 చుట్లు తిరుగవలెను. ప్రొపెల్లరు కోరు శక్తి చుట్ల ఘనమును అనుసరించును గనుక, రెట్టింపు చుట్లకు ఎనిమిది రెట్ల శక్తి కావలెను! ఇంజను ఆ చుట్లను అందుకొనలేదు. నల్లని పొగ విడిచి, వేడెక్కి, త్వరలో పాడగును. అప్పుడు నింద ఇంజనుపై పడును. నిజమునకు తప్పు జోడింపుది. గేరును 3:1 చేసి, 1,200 చుట్లకు తగిన ప్రొపెల్లరును వేసినచో అదే ఇంజను సుఖముగా పనిచేయును. పూర్తి మీట త్రోసినపుడు ఇంజను తన నిర్ణీత చుట్లను అందుకొనుచున్నదా అనునదే జోడింపునకు పరీక్ష.

బిళ్లపై ముద్రించిన అంకెను కూడ విమర్శించి చదువవలెను. కొన్ని ఇంజనులకు ఆ అంకె కొద్దిసేపు మాత్రమే ఇయ్యదగిన శక్తి. కొన్నింటికి రోజంతయు ఇయ్యగల శక్తి. ఈ రెండును ఒకటి కావు. లారీ ఇంజనును పడవకు మార్చునపుడు ఈ భేదము స్పష్టమగును. లారీకి ఎక్కుడు వెనుక దిగుడు ఉండును, సమతలముపై విశ్రాంతి ఉండును. పడవకు ఎక్కుడే గాని దిగుడు లేదు. నీరు ఎల్లప్పుడును ఎదురు నిలుచును. కావున పోల్చవలసినది అవిరామముగా ఇయ్యగల శక్తిని.

మితిమీరిన ఇంజనుకు మరియొక దోషము కలదు. లంగరు వేసిన పడవలో బ్యాటరీలు నింపుటకు ఒక కిలోవాటు చాలును. ఇంజనునుండి రెండు మూడు అశ్వశక్తులు పోవును. యాభై అశ్వశక్తుల ఇంజనును ఇంత తేలిక పనికి గంటలకొలది నడిపినచో సిలిండరులు చాలినంత వేడెక్కవు, నూనె పూర్తిగా మండదు, మసి పేరుకొనును. ఏనుగుచేత నిత్యము ఎండుగడ్డి కట్ట మోయించినట్లు.

అట్లని చిన్న ఇంజనే ఉత్తమమని కాదు. తీరపు రాళ్లవైపు గాలి నెట్టుచున్నపుడు పడవ ఎదురుగాలిలో ముందుకు కదలలేకపోయినచో ప్రాణములకే ముప్పు. అట్టి గాలిలో మూడు నాలుగు నాట్ల వేగము నిలుపుటకు ఎంత శక్తి కావలెనో లెక్కించి, దానినే కనిష్ఠముగా ఉంచుకొనవలెను. విశాఖపట్టణము, కాకినాడ తీరములలో వల లాగు మర పడవల పని వేరు. అవి బరువైన వలను రెండు మూడు నాట్ల వేగముతో గంటలకొలది లాగవలెను. వానికి వేగము కాక లాగుడు ముఖ్యము. కావున అదే పొడవు గల తెరచాప పడవ ఇంజను వానికి చాలదు. అయినను అక్కడ కూడ గుర్రములు పెంచుటయే మార్గము కాదు. బంగాళాఖాత మత్స్య కార్యక్రమము మద్రాసునుండి 1986లో వెలువరించిన గల్‌బ్రాండ్‌సెన్ పుస్తకము చిన్న మత్స్యపడవల నూనె ఖర్చు తగ్గించుటను గూర్చినదే. వేగము కొంత తగ్గించుట, పెద్ద ప్రొపెల్లరును నెమ్మదిగా త్రిప్పుట అందలి ప్రధాన బోధలు. తెరచాప పడవ యజమానికి నూనె ఒక ఖర్చు. మత్స్యకారునికి అది ఇంటిల్లిపాది భోజనమునుండి తగ్గు డబ్బు. గుర్రాల వ్యామోహమునకు మూల్యము చెల్లించునది ముఖ్యముగా అతడే.

కావున ప్రశ్నల వరుస ఇట్లుండవలెను. పడవ చేయవలసిన పని యేమి? నీటిగీత పొడవును, నిండు బరువును ఎంత? పడవ క్రింద ఎంత పెద్ద ప్రొపెల్లరు పట్టును? దానిని ఎన్ని చుట్లు, ఏ వైపునకు త్రిప్పవలెను? అందుకు గేరు నిష్పత్తి యెంత? ఇంజను పాత దిమ్మెలపై కూర్చుండునా, దాని ఇరుసు పాత ఇరుసుతో కలియునా? చల్లబరచు నీటికి, పొగగొట్టమునకు దారి చాలునా? వడపోతలను మార్చుటకు చేయి పట్టునా? విడిభాగములు దొరకునా? వీనికన్నింటికి జవాబులు వచ్చిన పిమ్మట ఎన్ని గుర్రములు అన్న ప్రశ్నకు జవాబు దానంతట అదే వచ్చును.

అశ్వశక్తి పాఠము చెప్పు ఉపాధ్యాయుడు 746తో ఆగక, ఒక బావి లోతును, ఒక పడవ పొడవును నల్లబల్లపై వ్రాసి, ఇంజనును విద్యార్థులచేతనే ఎన్నిక చేయించవచ్చును. వారు ముందుగా అంకె చెప్పినచో, ఆ అంకె ఏ పనికని అడిగిన చాలును.