ప్రకృతి ఛాయాచిత్రం: చెరిపిన రెండు అక్షరాలు

ప్రకృతి దృశ్యాల ఛాయాచిత్రాల గురించి మనవాళ్ళ మాటల్లో రెండు ధోరణులు కనిపిస్తాయి. కొండలూ చెట్లూ జంతువులూ తప్ప మనుషులు లేని చిత్రాన్ని పలాయనవాదమని కొట్టిపారేయడం ఒకటి. అందానికి చరిత్రతో పనేమిటని నోరు మూయించడం రెండోది. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. నా దృష్టిలో రెండింటి లోపమూ ఒకటే: రెండూ చిత్రాన్ని నిదానించి చూడవు.

అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902-1984) మీద మొదటి రకం విమర్శ ఆయన జీవించి ఉండగానే వచ్చింది. లోకం తగలబడుతుంటే రాళ్ళకు ఫోటోలు తీస్తున్నాడన్నారు. ఆయన కృషిలో ఒక్క లోయను, 1944కు అటూ ఇటూ ఉన్న కొద్ది నెలలను తీసుకుని ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

కాలిఫోర్నియాలోని లోన్ పైన్ ఊరి దగ్గర ఆయన 1944లో తీసిన 'శీతకాలపు సూర్యోదయం' ప్రసిద్ధమైనది. పైన ఎండ పడి మెరిసే సియెర్రా నెవాడా మంచుకొండలు, వాటి ముందు నల్లని గుట్టలు, కింద వెలుగు పడిన పచ్చికలో మేస్తున్న గుర్రం. ఆ గుర్రం పక్కకు తిరిగి నిలబడేదాకా ఆయన చలిలో కాచుకున్నాడు. నలుపు తెలుపుల మధ్య ఇన్ని ఛాయలు పలికించిన శిల్పాన్ని తక్కువ చేసి మాట్లాడటం విమర్శ అనిపించుకోదు.

అయితే ఆ నల్లని గుట్ట మీద లోన్ పైన్ హైస్కూలు పిల్లలు తమ ఊరి పేరులోని రెండు పొడి అక్షరాలను సున్నంతో పెద్దగా రాశారు. ఆడమ్స్ కంటికి అవి కొండకు చేసిన గాయంలా కనబడ్డాయి. నెగటివులో చెరపగలిగినంత చెరిపి, మిగిలిన జాడను ప్రింటులో కప్పేశాడు. ఈ సంగతి ఆయన దాచలేదు. 1983లో వచ్చిన తన పుస్తకంలో స్వయంగా రాశాడు. అక్షరాలు పోయాయి, గుర్రం మిగిలింది. ఆ గుర్రమూ ఎవరో పెంచుకున్నదే. మేస్తున్న పచ్చిక కూడా ఎవరిదో. శ్రమ చేసిన మనిషి కనబడకుండా శ్రమ ఫలితం మాత్రమే కనబడితే దాన్ని ప్రకృతి అనుకోవడానికి మనం అలవాటు పడ్డాం.

ఇంతకూ ఆ చలికాలం ఆడమ్స్ అక్కడికి వెళ్ళింది కొండల కోసమే కాదు. లోన్ పైన్‌కు కొద్ది మైళ్ళ దూరంలో మంజనార్ నిర్బంధ శిబిరం ఉండేది. 1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ జారీ చేసిన ఉత్తర్వు ఆధారంగా పశ్చిమ తీరం నుంచి తరలించిన జపనీస్ సంతతివారిని, పదివేల మందికి పైగా, అక్కడ ఉంచారు. వారిలో ఎక్కువమంది పుట్టుకతో అమెరికా పౌరులే. ఆడమ్స్ వారి చిత్రాలు తీసి, వారు స్వేచ్ఛగా సమానంగా పుట్టినవారని పేరులోనే చాటే పుస్తకాన్ని 1944లో తెచ్చాడు. యుద్ధం నడుస్తుండగా అది ధైర్యంగల పని. 'రాళ్ళ ఫోటోలు' అన్న ఎత్తిపొడుపు ఇక్కడ వీగిపోతుంది.

కాని దాంతో ప్రశ్న ముగియదు. కాపలా బురుజులనూ ముళ్ళకంచెనూ తీయకూడదన్న నిషేధానికి ఆయన లోబడ్డాడు. ఆ కొండల వైభవం నిర్బంధితులకు మనోబలమిచ్చిందని రాశాడు. శిబిరం దగ్గరే తీసిన 'మంజనార్ నుంచి విలియంసన్ శిఖరం' అనే చిత్రంలో బండరాళ్ళున్నాయి, మేఘాలున్నాయి, వెలుగుంది. శిబిరం మాత్రం పేరులో తప్ప ఎక్కడా లేదు. మనుషులు పుస్తకంలోకి, కొండలు ప్రదర్శనశాల గోడ మీదికి చేరాయి. కొండలకు శాశ్వతత్వం, మనుషులకు చరిత్ర అన్న ఈ విభజనలోనే ఆయన దృక్పథం ఉంది.

ఆ లోయకు చరిత్ర లేదా? మంజనార్ అంటే స్పానిష్‌లో ఆపిల్ తోట. 1863లో అక్కడి పైయూట్ ప్రజలను సైన్యం తరిమేసింది. 1913లో లాస్ ఏంజలిస్ నగరం కాలువ పూర్తిచేసి ఆ లోయ నీటిని తరలించుకుపోయింది, తర్వాత భూములూ నీటి హక్కులూ కొనేసింది, తోటలు పాడుబడ్డాయి. ఒకరిని వెళ్ళగొట్టిన చోటికే దాదాపు 80 ఏళ్ళ తర్వాత మరొకరిని పట్టి తెచ్చారు. అక్కడి ఏకాంతం ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు చేసినది.

అదే శిబిరంలో నిర్బంధితుడైన తోయో మియతాకే లెన్సును చాటుగా తెచ్చుకుని, చెక్కపెట్టెతో కెమెరా చేయించుకున్నాడు. ముళ్ళకంచె దగ్గర నిలబడిన ముగ్గురు పిల్లలు, వెనుక కాపలా బురుజు ఆయన చిత్రానికెక్కాయి. లోయ ఒకటే. ఇష్టమైనప్పుడు వెళ్ళిపోగలవాడు చూసిన లోయ వేరు, వెళ్ళిపోలేనివాడు చూసిన లోయ వేరు.

ఇది అమెరికాకే పరిమితమైన ప్రశ్న కాదు. నల్లమల పులి బొమ్మను మనం గోడకు తగిలించుకుంటాం. అదే అడవిలో పులి జాడ గుర్తుపట్టే చెంచు ఆ బొమ్మలో కనబడడు. అతన్ని ప్రతి ఫ్రేములోనూ ఇరికించమని నేననడం లేదు; అలా ఇరికిస్తే మొదటి ధోరణి యాంత్రికతలోనే పడతాం. నేను కోరేది ఒక్కటే. నిర్జనమైన అడవినో కొండనో చిత్రించేవారు, కవిత్వంలో వర్ణించేవారు, ఆ నిర్జనత్వం ఎలా వచ్చిందో తెలుసుకుని పని మొదలుపెట్టాలి. విమర్శకుడు శిల్పాన్ని మెచ్చుకుంటూనే, చెరిపిన అక్షరాలను మళ్ళీ చదవాలి.