అంతరాయమును తెలుపు గంట: ఒక నివేదికపై విమర్శ

విద్యుత్తు పోయినప్పుడు మ్రోగవలసిన గంటను ఆ విద్యుత్తు తీగకే తగిలించినచో, అవసరమైన వేళ అది మ్రోగదు. ఇంత తేలికైన విషయమును పెద్ద సంస్థలు సైతము ఏమరుట కలదు. 2017లో అమెజాన్ సంస్థ ప్రకటించిన ఒక నివేదికయే ఇందుకు నిదర్శనము.

ఇతరుల వెబ్‌సైట్లకు వలయు దత్తాంశములను తన సర్వరులలో ఉంచి, ఇంటర్నెట్టు ద్వారా అందించుట ఆ సంస్థ వ్యాపారములలో నొకటి. దీనినే క్లౌడు సేవ యందురు. 2017 ఫిబ్రవరి 28న ఉత్తర వర్జీనియా ప్రాంతమున ఎస్‌3 అను నిల్వ సేవ నిలిచిపోయెను. బిల్లుల వ్యవస్థ మందగించుటకు కారణము వెదకుచు, ఒక ఉద్యోగి కొన్ని సర్వరులను తొలగింపబూనెను. ఇచ్చిన ఆజ్ఞలో పొరపాటు దొరలుటచే, తలచినదానికన్న ఎక్కువ సర్వరులు తొలగినవి. ఇది పసిఫిక్ కాలమానము ప్రకారము ఉదయము 9 గం. 37 ని.లకు జరిగినది. సేవ పూర్తిగా కోలుకొనుసరికి మధ్యాహ్నము 1 గం. 54 ని.లైనది.

నివేదికలో మెచ్చదగిన గుణములు కలవు. కారణమును దాచలేదు, ఉద్యోగిని నిందింపలేదు. సర్వరులను నెమ్మదిగా మాత్రమే తొలగించునట్లును, కనీస సంఖ్యకు దిగువకు పోనీయకుండునట్లును పరికరమునే సవరించితిమని చెప్పినది. పెద్ద ప్రాంతములలో ఆ ఉపవ్యవస్థలను అనేక సంవత్సరములుగా పూర్తిగా ఆపి, తిరిగి నడిపియుండలేదని కూడ ఒప్పుకొన్నది.

లోపమంతయు మరియొకచోట నున్నది. సేవల స్థితిని ప్రజలకు తెలుపు పట్టికను సవరించు యంత్రాంగము ఆ ఎస్‌3 మీదనే ఆధారపడియుండెను! అందుచే 11 గం. 37 ని.ల వరకు, అనగా రెండు గంటలసేపు, పట్టికలో ఏ సేవ స్థితిని మార్చుటకును వీలులేకపోయెను. ట్విట్టరు ద్వారాను, పట్టికపై నొక ప్రకటన ద్వారాను సంగతి తెలుపవలసివచ్చెను. ఇకమీదట ఆ యంత్రాంగము పలు ప్రాంతములలో నడచునని నివేదిక ముగించినది. ఇది సగము చికిత్స మాత్రమే. ప్రాంతములు పలు ఐనను యజమాని యొకడే. సేవను కొనువారు తమ కావలిని తామే వేరుగా ఏర్పరచుకొనవలెనను హితవు ఇందు లేదు.

అట్టి కావలి కష్టమైనది కాదు. వేరొక సంస్థ సర్వరు నుండి నిమిషమునకొకసారి పుటను పిలిచి, సరియైన జవాబు వచ్చినదా, వచ్చిన పుటలో ఉండవలసిన మాట ఉన్నదా అని చూడవలెను. ఒక్కసారి తప్పినంతనే గగ్గోలు పెట్టక, వరుసగా రెండు మూడుమార్లు తప్పినచో ఫోనుకు హెచ్చరిక పంపవలెను. అకారణముగా మ్రోగు గంటను ఎవరును లెక్కచేయరు గదా! మరి కావలియే ఆగిపోయినచో? అందుకై అది “నేనున్నాను” అను సంకేతమును మరియొక చోటికి పంపుచుండవలెను. ఆ సంకేతము ఆగుటయే ప్రమాదసూచన.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక బ్యాటరీతో పనిచేయు విద్యుదయస్కాంతము గంట వలయమును తెరచి ఉంచవలెను. గంటకు రెండవ బ్యాటరీ కలుపవలెను. మొదటి బ్యాటరీని తీసినంతనే స్ప్రింగు వలయమును మూయును, గంట మ్రోగును. రెండింటికి నొకే బ్యాటరీ వాడి చూచినచో, నివేదికలోని లోపము విద్యార్థులకు తమంతనే బోధపడును.