మోచేతి లోతు లెక్క

కేసముద్రం వైపు కుంటల్లో చేపపిల్లల్ని వదిలే ముందు నీళ్లను సిద్ధం చెయ్యాలి. సున్నం చల్లి, పశువుల పేడ, కాస్త సూపర్ ఫాస్ఫేట్ వేస్తే నీళ్లు పచ్చబారతాయి. ఆ పచ్చదనాన్ని తిని కంటికి ఆనని పురుగులు పెరుగుతాయి. పైపైన తిరిగే బొచ్చెకు అవే బువ్వ. చాలిందా లేదా అన్నది చెయ్యే చెబుతుంది. మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనుమరుగవ్వాలి. తేటగా కనబడితే ఇంకొంచెం ఎరువు. మణికట్టు మునగకముందే మాయమైందా, తట్ట పక్కన పెట్టాల్సిందే. లేకుంటే తెల్లవారుజామున ఆక్సిజన్ అందక చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. నాకు ముచ్చటేసేది, ఎక్కడ ఆపాలో తెలిసిన ఆ ఒడుపే. గాజుతొట్టెల్లో పగడాలు పెంచేవాళ్లు లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం నిలపడానికి రోజూ మందు కొలిచి పోస్తారు. పనితనం ఒకటే, ఇక్కడ పరికరం ఖర్చు లేదు. మబ్బు పట్టిన రోజు మాత్రం ఎవరెంత చెప్పినా పేడ వెయ్యరు. ఎండ లేందే నాచు చాలినంత ఆక్సిజన్ వదలదు మరి.