ఎత్తు సరే, విరిగేది ఎక్కడ?

తుపాను రోజుల్లో టీవీ తెర అడుగున ఒక వాక్యం పరుగెడుతూ ఉంటుంది: అలలు 3 మీటర్ల ఎత్తున ఎగసిపడే అవకాశం, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అంచనాల్లో ఆ 3 మీటర్లు అన్ని అలల సగటూ కాదు, అన్నిటికన్నా పెద్ద అల ఎత్తూ కాదు. అలల్లో పెద్దవైన మూడో వంతును తీసి కట్టిన సగటు అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సముద్ర శాస్త్రవేత్తలు స్వెర్‌డ్రప్, మంక్ అలల అంచనాకు దారి వేస్తూ పెట్టిన కొలత. అంటే 3 మీటర్లన్న సముద్రంలో ఏదో ఒక కెరటం 6 మీటర్లకు చేరువగా లేవొచ్చు.

ఎత్తు తెలియడం అవసరమే. కానీ సముద్రం తీరు తెలియాలంటే కెరటం విరగడాన్ని చూడాలి. విశాఖలో ఉంటాను కాబట్టి కైలాసగిరి ఎక్కి చూడటం నాకు అలవాటు. ఒడ్డున విరిగే కెరటానికి అడుగు తగులుతుంది. లోతు తన ఎత్తుకు కాస్త మించి ఉన్న చోటికి రాగానే పడిపోతుంది. నా చూపు దానికి అవతల, అడుగు అందని నీళ్లలో గాలి తోపుకే విరిగే కెరటాల మీద ఉంటుంది. గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లకు చేరితే అక్కడక్కడా తెల్లని నురగ కనిపించడం మొదలవుతుంది.

ఒక నురగ మచ్చ మీద చూపు నిలపండి. అది లేచి, చెదిరి, కరిగిపోతుంది. గాలి పోయే దిక్కున, ఒక కెరటం పొడవంత ముందు, మరో మచ్చ లేస్తుంది. కెరటాలు 6 సెకన్లకొకటి వస్తుంటే ఈ రెండో మచ్చ రావడానికి 12 సెకన్లు పడుతుంది. లోతు నీళ్లలో కెరటాలు గుంపులుగా సాగుతాయి, గుంపు వేగం కెరటం వేగంలో సగం. కెరటం గుంపు వెనక పుట్టి, నడుమకు వచ్చేసరికి బాగా పెరిగి, ముందు అంచున అణగిపోతుంది. విరిగేది ఆ నడుమనే. ఆ నడుమ కూడా ముందుకు సాగుతుంటుంది కాబట్టి తర్వాతి కెరటం అక్కడికి చేరడానికి రెట్టింపు సమయం కావాలి. డోనెలన్, లాంగెట్-హిగ్గిన్స్, టర్నర్ 1972లో నేచర్ పత్రికలో దీన్ని వివరించారు. అన్ని గుంపులూ ఇంత బుద్ధిగా నడవవు, ఓపిక పట్టాలి. అయినా చేతి గడియారంతో ఎవరైనా సరిచూసుకోగల శాస్త్రం ఇది. అందుకే నాకంత ఇష్టం.

అలలను అంచనా వేసే లెక్కలో ముఖ్యమైన పద్దులు మూడు. గాలి ఎంత శక్తి ఇచ్చింది, కెరటాలు తమలో తాము ఎంత పంచుకున్నాయి, విరిగి ఎంత పోగొట్టుకున్నాయి. మొదటిదానికి 1957లో మైల్స్, ఫిలిప్స్ సిద్ధాంతాలు వచ్చాయి. రెండోదానికి 1962లో హాసెల్‌మన్ సమీకరణం రాశాడు. మూడోది మాత్రం నేటికీ పరిశీలనలతో సరిదిద్దుకోవాల్సిందే. సముద్రంలో తేలే కొలత పరికరం (బాయ్) ఎత్తును బాగానే పట్టుకుంటుంది; ఏ కెరటం ఎక్కడ విరిగిందో చూడాలంటే కెమెరా కావాలి, కన్ను కావాలి. విరిగిన చోటే గాలి బుడగలై నీళ్లలోకి దిగుతుంది, ఉప్పు తుంపరై గాలిలోకి చేరుతుంది. ఆ ఉప్పు రేణువుల చుట్టూ మబ్బుల బిందువులు కడతాయి.

పడవ మీద ఉన్నవాళ్లకు ఎత్తుకూ విరగడానికీ ఉన్న ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. పొడవైన 3 మీటర్ల కెరటం పడవను ఎత్తి, దించి, సాగిపోతుంది. అంతకన్నా పొట్టిదైనా, పక్క నుంచి విరిగిపడే కెరటం పడవను తిరగేయగలదు. ఇన్‌కాయిస్ చిన్న పడవల హెచ్చరిక సేవ ఎత్తుతో పాటు కెరటం ఎంత నిటారుగా ఉందో, పడవ వెడల్పు ఎంతో కూడా చూస్తుంది. ఇది సరైన దారి. టీవీ తెర మీద పరుగెత్తే ఆ వాక్యంలోనూ ఈ మాట చేరాలి. ఎన్ని మీటర్లో చెప్పినట్టే, ఏ పడవకు ఎంత ప్రమాదమో కూడా చెప్పాలి.